పదో సంపుటం దగ్గర ఆగిపోయిన పాఠకులు

రాబర్ట్ జోర్డన్ ‘వీల్ ఆఫ్ టైమ్’ నవలామాలలో పదో సంపుటం ‘క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్విలైట్’ 2003 జనవరిలో వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 2000 నవంబరులో వచ్చిన ‘వింటర్స్ హార్ట్’ చాలా పెద్ద ఘట్టంతో ముగిసింది. మూడు వేల ఏళ్లకు పైగా విషం కలిసి ఉన్న పురుషుల మంత్రశక్తిని కథానాయకుడు రాండ్ ఆ చివరి అధ్యాయంలో శుద్ధి చేశాడు. ఆ శక్తిని వాడిన మగవాడల్లా పిచ్చెక్కి చావడమే అప్పటిదాకా ఆ లోకపు రీతి. అది ఒక్క రోజుతో మారిపోయింది. ఇక తర్వాత ఏమవుతుంది?

ఆ ప్రశ్నతో రెండేళ్లు గడిపి పదో సంపుటం తెరిస్తే, కథ వెనక్కి నడిచింది. చాలా అధ్యాయాలు ఆ శుద్ధికి ముందు రోజుల్లోనే మొదలవుతాయి. ఒక పాత్ర తన చోట తన పనిలో ఉండగా, దూరాన ఎక్కడో ఎవరో కనీవినీ ఎరగనంత శక్తిని వాడుతున్నారని పసిగడుతుంది. ఎవరై ఉంటారు, శత్రువులా, ఏం ముంచుకొస్తోంది అని చర్చ. ఇంకో పాత్ర దగ్గరికి వెళితే మళ్లీ అదే పసిగట్టడం, మళ్లీ అదే చర్చ. వాళ్లంతా తలలు బద్దలుకొట్టుకుంటున్న ఆ సంగతి పాఠకుడికి ముందే తెలుసు. దాన్ని చేసిన రాండ్ మాత్రం ఆ సంపుటంలో దాదాపు కనిపించడు. ఎన్నో ఏళ్లుగా ప్రతి సంపుటాన్నీ విడుదలైన వారంలోనే కొనుక్కున్నవాళ్లు కూడా కొందరు అక్కడ ఆగిపోయారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది సంపుటాలను కలిపి పాఠకులు ‘స్లాగ్’ (కాళ్లీడ్చుకుంటూ నడిచే నడక) అని పేరు పెట్టుకున్నారు. ఏడా, ఎనిమిదా, ఎక్కడ మొదలవుతుందన్న దానిపై వాదులాట ఉంది కానీ, ఎక్కడ ముగుస్తుందన్న దానిపై పెద్దగా లేదు. పదితో ముగుస్తుంది.

సుదీర్ఘ ఫాంటసీ నవలామాలల మీద వచ్చే ఫిర్యాదుల్లో అన్నిటికంటే పాతది, అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఈ సాగదీత గురించే. ఆ ఫిర్యాదును ఓపిక లేనివాళ్ల గొణుగుడుగా తీసిపారేయడం అన్యాయం. ఏడెనిమిది వందల పేజీల పుస్తకాలను వరసగా తొమ్మిది చదివినవాళ్లకు ఓపిక లేదనడం ఎలా కుదురుతుంది? వాళ్లను విసిగించింది నెమ్మదితనం కూడా కాదని నా అభిప్రాయం. కొత్త ప్రశ్నలు పుట్టే వేగాన్ని పాత ప్రశ్నలు తేలే వేగం అందుకోలేనప్పుడు పాఠకుడు అలిసిపోతాడు. పేజీలు ఎన్నయినా సరే, పుస్తకం మూసేసరికి ఏదో ఒకటి తేలిపోయి ఉంటే ఆ అలసట రాదు.

రాండ్ స్నేహితుడు పెరిన్ కథనే చూడండి. అతని భార్య ఫయీల్‌ను షైడో తెగవాళ్లు ఎత్తుకుపోయారు. 2000 నాటి సంపుటంలో మొదలైన వెతుకులాట 2005 నాటి సంపుటంలో గానీ ముగియదు. నడుమ పదో సంపుటంలో, సైన్యానికి తిండిగింజలు కావాలని పెరిన్ సో హాబర్ అనే ఊరికి వెళతాడు. గిడ్డంగుల్లో ధాన్యం నిండా పురుగు. ఊరివాళ్లు మాసిన బట్టలతో, అట్టలుకట్టిన మురికితో, బెదురు చూపులతో తిరుగుతుంటారు. చచ్చినవాళ్లు ఆ ఊళ్లో మళ్లీ కనిపిస్తున్నారు. ఆ భయం మధ్యనే గింజల్ని తూర్పారబట్టి, పురుగు వేరుచేసి, బస్తాలకెత్తి బళ్లమీద వేయించడం దాకా జోర్డన్ దగ్గరుండి చూపిస్తాడు. విడిగా చదివితే ఒళ్లు జలదరించే రచన అది. కానీ ఫయీల్ ఎక్కడుందో, ఆమెను ఎలా విడిపించాలో, ఊళ్లోకి అడుగుపెట్టకముందు పెరిన్ ఎంత దూరంలో ఉన్నాడో, వెళ్లిపోయేటప్పుడూ అంతే దూరంలో ఉన్నాడు. రామాయణంలో పిడకల వేట అని మనం అనేది సరిగ్గా ఇలాంటి చోటే.

అదే సంపుటంలో ఇంకొంచెం ముందుకు పోతే మరో సన్నివేశం. షైడో బందీల నోరు విప్పించడానికి పెరిన్ ఒకడి చెయ్యి గొడ్డలితో నరుకుతాడు. తాను ఎలాంటి మనిషిగా మారిపోతున్నాడో ఆ క్షణాన అతనికి అర్థమవుతుంది. గొడ్డలిని చెట్టు మొదట్లో దిగ్గొట్టి, అక్కడే వదిలేసి నడిచి వెళ్లిపోతాడు. మొదటి సంపుటంలో సొంత ఊరు విడిచిన నాటి నుంచి అతని నడుముకు ఉన్న గొడ్డలి అది. ఫయీల్ ఇంకా దొరకలేదు. వేట ఒక్క అడుగు కూడా ముందుకు పడలేదు. అయినా అక్కడ ఎవరికీ విసుగు రాదు, ఎందుకంటే పెరిన్ అనే మనిషి గురించిన ఒక పాత ప్రశ్న అక్కడ తేలిపోయింది. ఒకే రచయిత, ఒకే పుస్తకం, ఒకే పాత్ర. నెమ్మది రెండు చోట్లా ఉంది, విసుగు ఒక్కచోటే ఉంది.

నిజానికి ఈ ప్రక్రియకు పునాది వేసిన పుస్తకమే నెమ్మదిగా నడుస్తుంది. టోల్కిన్ ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ 1954, 55 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వచ్చింది. అందులో ఎల్‌రాండ్ సభ ఒక్కటే సుదీర్ఘమైన అధ్యాయం, అంతా కూర్చుని మాట్లాడుకోవడమే. కానీ ఆ సభ ముగిసేసరికి ఉంగరం చరిత్ర తెలుస్తుంది, దాన్ని ఏం చేయాలో తేలుతుంది, ఎవరు మోయాలో కూడా తేలుతుంది. అంతకుముందు బిల్బో పుట్టినరోజు వేడుక తర్వాత, గాండాల్ఫ్ తిరిగొచ్చి అసలు సంగతి చెప్పేలోపు కథలో పదిహేడేళ్లు గడిచిపోతాయి. టోల్కిన్ ఆ పదిహేడేళ్లను కొద్ది పేజీల్లో దాటేశాడు. ఎక్కడ నిలబడాలో, ఎక్కడ దాటేయాలో తెలిసిన చెయ్యి అది. టాడ్ విలియమ్స్ 1988 నాటి ‘ద డ్రాగన్‌బోన్ చెయిర్’లో సైమన్ అనే వంటింటి కుర్రాడు కోటలో వంద పేజీలకు పైగా తిరుగుతూనే ఉంటాడు. మొదట్లో వదిలేసినవాళ్లు ఉన్నారు, నిజమే. ఓపిక పట్టినవాళ్లకు సైమన్ ఆ కోట విడిచి పారిపోవాల్సి వచ్చినప్పుడు కలిగే దుఃఖం ఆ వంద పేజీల వల్లే కలుగుతుంది. రాబిన్ హాబ్ 1995లో మొదలుపెట్టిన ఫార్‌సీర్ త్రయంలో యుద్ధాల కంటే గుర్రపుసాలలో, మెట్లమీద, చలిమంట పక్కన జరిగే సంభాషణలే ఎక్కువ. కథంతా ఫిట్జ్ అనే ఒక్క మనిషి నోటి నుంచే వస్తుంది కనుక, అతని జీవితంలో ఏ చిన్న మార్పు వచ్చినా పాఠకుడికి అది మార్పుగానే తగులుతుంది.

మహాభారతం వింటూ పెరిగిన తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. అరణ్యపర్వంలో పాండవులు అడవిలో ఉన్నారు, యుద్ధం ఇంకా ఎన్నో ఏళ్ల దూరం. ఆ మధ్యలో నలుడి కథ వస్తుంది, సావిత్రి కథ వస్తుంది. ప్రధాన కథ నిలబడే ఉంటుంది. అయితే నలుడికి రాజ్యం తిరిగొస్తుంది, సత్యవంతుడు బతుకుతాడు. ప్రతి ఉపాఖ్యానమూ తన ముడిని తానే విప్పుకుని వెళ్తుంది. విన్నవాడి చేతిలో ఏదో ఒకటి మిగులుతుంది.

మరి జోర్డన్ దగ్గర ఏం జరిగింది? మొదటి సంపుటం ‘ద ఐ ఆఫ్ ద వరల్డ్’ 1990లో వచ్చింది. ఒకే ఊరి నుంచి కొందరు కుర్రవాళ్లు కలిసి బయల్దేరతారు, వాళ్ల వెంట మనమూ బయల్దేరతాం. తర్వాత వాళ్లు విడిపోయారు. ఒక్కొక్కరి చుట్టూ ఒక సైన్యం, ఒక రాజసభ, ఒక శత్రువర్గం చేరాయి. ఆ శత్రువర్గాల్లోనూ ఒక్కొక్కరికీ సొంత అధ్యాయాలు వచ్చాయి. అట్ట మధ్య పట్టే పేజీలకు ఒక హద్దుంది. నాలుగు కథలు నడిపే ఏడువందల పేజీల పుస్తకంలో ఒక్కో కథకు నూటడెబ్బై అయిదు పేజీలు వస్తాయి. పన్నెండు కథలు నడిపితే అరవై కూడా రావు. అరవై పేజీల్లో ఒక మనిషిని మళ్లీ గుర్తుచేసి, ఎక్కడున్నాడో చెప్పి, ఒక్క అడుగు వేయించేసరికి సంపుటం అయిపోతుంది. అందుకే ఆ కుర్రవాళ్లలో ఒకడైన మాట్, ఏడో సంపుటం చివర గోడ కూలి మీద పడ్డాక, 1998 నాటి ఎనిమిదో సంపుటంలో అసలు కనిపించడు. గోడ కింద ఉన్న మనిషి బతికాడో లేదో చదవడానికి 1996 నుంచి 2000 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక్కడ రెండు వేర్వేరు బాధలు కలిసిపోతాయి, వాటిని విడదీసి చూడాలి. ఒకటి పుస్తకంలోని నెమ్మది. రెండోది పుస్తకానికీ పుస్తకానికీ మధ్య గడిచే కాలం. ఈరోజు మొదటిసారి ‘వీల్ ఆఫ్ టైమ్’ పట్టుకునే పాఠకుడికి పద్నాలుగు సంపుటాలూ అల్మరాలో ఉన్నాయి. ఎనిమిదో పుస్తకం నచ్చకపోయినా వారంలో దాటేసి తొమ్మిదికి పోవచ్చు. అలా చదివినవాళ్లలో చాలామంది, ఇంత గొడవ దేనికి, అంత ఘోరంగా ఏమీ లేదే అంటారు. వాళ్ల మాట నిజమే. 2003 నాటి పాఠకుడి మాటా నిజమే. రెండేళ్ల ఎదురుచూపుకు జవాబుగా వచ్చిన పుస్తకం, రెండేళ్ల బరువును మోయాలి. అయితే కాలం ఎంత సర్దిచెప్పినా సర్దుకోనిది కొంత ఉంది. ఎనిమిది, తొమ్మిది ఇప్పుడు చదివితే చకచకా సాగిపోతాయి, పది మాత్రం ఇప్పటికీ బరువుగానే నడుస్తుంది. దాని లోపం ఎదురుచూపు వల్ల వచ్చింది కాదు, అది ఆ పుస్తకపు నిర్మాణంలోనే ఉంది.

జోర్డన్‌కు న్యాయం చేయాలంటే 2005 నాటి ‘నైఫ్ ఆఫ్ డ్రీమ్స్’ గురించి చెప్పితీరాలి. ఫయీల్ చెర విడుతుంది, రాకుమారి ఎలేన్ సింహాసనం సంగతి తేలుతుంది, మాట్ పెళ్లి జరిగిపోతుంది. ఏళ్ల తరబడి పేరుకుపోయిన ముడులు ఒక్క సంపుటంలో వరసగా విడిపోతాయి. సాగదీసిన మనిషే బిగించి చూపించాడు. మరుసటి ఏడాది తనకు అరుదైన గుండెజబ్బు ఉందని ఆయన ప్రకటించాడు. 2007 సెప్టెంబరు 16న, ఆఖరి సంపుటం పూర్తికాకుండానే, యాభై ఎనిమిదేళ్లకు కన్నుమూశాడు. ఆయన భార్య, ఆ నవలలకు సంపాదకురాలు అయిన హారియెట్ మెక్‌డూగల్, బ్రాండన్ సాండర్సన్ అనే యువరచయితను ఎంచుకుని, జోర్డన్ వదిలివెళ్లిన రాతప్రతులు, నోట్సు అప్పగించింది. ఒక్క పుస్తకం అనుకున్న ముగింపు మూడయింది. 2009, 2010, 2013 సంవత్సరాల్లో వచ్చి మాల పూర్తయింది. నన్నయ ఆపిన చోటు నుంచి కథను ఇంకో ఇద్దరు అందుకుని ముగించిన గ్రంథాన్ని నెత్తిన పెట్టుకున్న జాతికి ఈ ఏర్పాటు వింతగా తోచదు.

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ కథ ఇంకా క్లిష్టం. ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ మూడు పుస్తకాలుగా మొదలైన ఆలోచన. 1996, 1998, 2000 సంవత్సరాల్లో వచ్చిన మొదటి మూడు సంపుటాల మీద సాగదీత ఫిర్యాదు దాదాపు లేదు. మూడో సంపుటం ‘ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్’లో పెళ్లిళ్లూ చావులూ ఒకదాని మీద ఒకటి పడి ఊపిరి సలపనివ్వవు. ఆ తర్వాత కథను అయిదేళ్లు ముందుకు దూకించాలని మార్టిన్ అనుకున్నాడు. పిల్లలు పెరగాలి, డ్రాగన్లు ఎదగాలి. టోల్కిన్ పదిహేడేళ్లు దాటినట్టే ఈయనా దాటేద్దామనుకున్నాడు. కొంతకాలం అలాగే రాశాడు కూడా. కానీ అప్పటికే ఎన్నో పాత్రలు కత్తి ఎత్తిన చేతులతో నిలబడి ఉన్నాయి. ఆ అయిదేళ్లూ వాళ్లు ఏం చేశారో చెప్పాలంటే వెనుకటి కథే పుస్తకమంతా ఆక్రమిస్తోంది. చివరికి ఆ ఆలోచన మానుకున్నాడు. దూకాల్సిన అయిదేళ్లను అడుగడుగునా నడవడమే నాలుగు, అయిదు సంపుటాల నెమ్మదికి మూలం.

రాసింది ఒక పుస్తకానికి మించిపోయింది కనుక, కాలాన్ని బట్టి కాక పాత్రలను బట్టి రెండుగా విడదీశాడు. 2005లో వచ్చిన ‘ఎ ఫీస్ట్ ఫర్ క్రోస్’లో జాన్ లేడు, డెనేరిస్ లేదు, టిరియన్ లేడు. జనం ఎవరి కోసం అయిదేళ్లు చూశారో వాళ్లే లేరు. మిగతావాళ్ల కథ మరుసటి ఏడాది వస్తుందని ఆశిస్తున్నట్టు పుస్తకం చివర రాశాడు. అది 2011 జులైలో ‘ఎ డ్యాన్స్ విత్ డ్రాగన్స్’గా వచ్చింది. మొదటి సంపుటంలో మొత్తం డెబ్బై మూడు అధ్యాయాలు, ఎనిమిది మంది దృష్టికోణాలు, ఒక ప్రస్తావన. అయిదో సంపుటంలోనూ డెబ్బై మూడే, కానీ చూసే కళ్లు పద్దెనిమిది మందివి. ఎడ్డార్డ్ స్టార్క్‌కు ఒక్క సంపుటంలో పదిహేను అధ్యాయాలు దక్కాయి. సముద్రాలు దాటి డెనేరిస్‌ను పెళ్లాడటానికి వచ్చే క్వెంటిన్‌కు నాలుగు.

టిరియన్ ప్రయాణం ఆ సంపుటంలో అందరినీ వేధించింది. డెనేరిస్ దగ్గరికి బయల్దేరతాడు. పల్లకీలో, నదిలో పడవ మీద, ఓడలో, చివరికి బానిసగా సంతలో. వేయి పేజీల పుస్తకం ముగిసేసరికి ఆమెను మల్లక్రీడల మైదానంలో దూరం నుంచి చూడటమే, కలవడం లేదు. ఈ ఇద్దరూ కలుస్తారన్న ఒక్క ఆశ మీద పాఠకుణ్ణి అంత దూరం నడిపించి, ఆ ఆశను తీర్చకుండా ఆపేయడం తప్పని నేను నమ్ముతాను. అక్కడ కలిస్తే ఏమవుతుందన్నది వేరే సంగతి, కలిపి ఉండాల్సింది.

కానీ ‘ఫీస్ట్’ విషయంలో ఫిర్యాదుదారుల పక్షం నేను తీసుకోలేను. ఎడ్డార్డ్ స్టార్క్ కూతురు సాన్సాను వెతుకుతూ బ్రియెన్ అనే వీరవనిత యుద్ధంతో పాడైపోయిన నదీప్రాంతాల్లో తిరుగుతుంది. సాన్సా అక్కడ లేదని మనకు తెలుసు. కథ లెక్కన ఆ తిరుగుడంతా వృథాయే. దారిలో మెరిబాల్డ్ అనే ఊరూరా తిరిగే పేద పూజారి, యుద్ధానికి పోయి మనసు విరిగి పారిపోయిన సైనికుల గురించి మాట్లాడతాడు. ఊరు దాటి ఎరుగని కుర్రవాళ్లు అన్నదమ్ములతో, స్నేహితులతో పాటలు పాడుకుంటూ బయల్దేరడం, ఒక్కొక్కరే పోవడం, కాళ్లకు చెప్పులు లేక, తిండి లేక, ఎవరి కోసం పోరాడుతున్నారో మరిచి, ఒకరోజు అడవిలోకి పరుగెత్తడం. నాలుగు సంపుటాలుగా రాజుల యుద్ధం చదువుతున్న మనకు, ఆ యుద్ధం అసలు ఎవరి నెత్తిన పడిందో అక్కడ తెలుస్తుంది. ‘ఎవరు గెలుస్తారు’ అన్న ప్రశ్న కంటే పెద్ద ప్రశ్నకు అది జవాబు. ఇది లేని ‘ఫీస్ట్’ వేగంగా ఉండేది, ఇంత గొప్పగా ఉండేది కాదు. పాఠకులే తర్వాత ఈ రెండు సంపుటాల అధ్యాయాలను కాలక్రమంలో కలిపి చదివే వరసలు తయారుచేసుకున్నారు. అలా చదివితే జాన్ అధ్యాయం పక్కన సెర్సీ అధ్యాయం వస్తుంది. పాలించడం రాని రాణి పక్కన, పాలించడం నేర్చుకుంటున్న కుర్రాడు. విడదీసినప్పుడు పోయిన అర్థం కలిపితే తిరిగొస్తుంది.

కేవలం వేగమే కావాలంటే ఏమవుతుందో టెలివిజన్ చూపించింది. మార్టిన్ కథతో హెచ్‌బీఓ తీసిన ధారావాహిక 2016లో పుస్తకాలను దాటిపోయింది. మొదటి ఆరు సీజన్లూ పది ఎపిసోడ్ల చొప్పున నడిస్తే, ఏడోది ఏడు, 2019లో వచ్చిన ఎనిమిదోది ఆరు. ఒకప్పుడు సీజనంతా పట్టిన ప్రయాణాలు ఒక్క ఎపిసోడ్‌లో అయిపోయాయి. డెనేరిస్ తన మనసు మార్చుకుని నగరాన్ని తగలబెట్టడం, అంతకుముందు దానికి కావలసిన మెట్లు వేయకుండానే జరిగిపోయింది. సాగదీస్తున్నాడని మార్టిన్ మీద విసుక్కున్న మనుషులే ఈ తొందర మీద అంతకంటే ఎక్కువ మండిపడ్డారు. ఇందులో వైరుధ్యం లేదు. ఒకచోట ముడి విడలేదు, రెండోచోట ముడిని కత్తిరించి విప్పామన్నారు.

ప్రచురణకర్తలు దీన్ని ముందే ఎందుకు సరిదిద్దలేదని అడుగుతారు. అమ్మకాల లెక్క చూస్తే సరిదిద్దాల్సిన అవసరమే వాళ్లకు కనిపించదు. ‘వీల్ ఆఫ్ టైమ్’ ఎనిమిదో సంపుటం నుంచి ప్రతి ఒక్కటీ న్యూయార్క్ టైమ్స్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది, అందరూ తిట్టిన పదో సంపుటంతో సహా. పదో పుస్తకాన్ని జనం కొనేది తొమ్మిది పుస్తకాల మీద పెట్టుకున్న ప్రేమతో. చదివాక కలిగిన నిరాశ ఆ మొదటి వారం లెక్కలోకి రాదు.

సాండర్సన్ ఎదురుచూపు బాధను మాత్రం చాలావరకు తీర్చాడు. రాస్తున్న పుస్తకం ఎంత శాతం అయిందో తన సైట్‌లో అందరికీ కనిపించేలా పెడతాడు, చెప్పిన వేళకు దాదాపు ఇస్తాడు. ఆయన సొంత మాల ‘స్టార్మ్‌లైట్’లో మొదటి అయిదు సంపుటాల భాగం 2010లో మొదలై 2024 డిసెంబరులో ముగిసింది. అయినా 2020 నాటి ‘రిథమ్ ఆఫ్ వార్’ మీద మళ్లీ అదే ఫిర్యాదు వచ్చింది. కథలో ఎక్కువ భాగం శత్రువుల చేతికి చిక్కిన ఒకే గోపురంలో నడుస్తుంది, పాత్రలు తమ మనోవ్యథను సంపుటం తర్వాత సంపుటం తిరగదోడుతుంటాయి. అందులో నవానీ అనే పాత్ర చేసే ప్రయోగాలు నన్ను కట్టిపడేశాయి, ఎందుకంటే ఆమె అడిగిన ప్రశ్నకు ఆమెకే జవాబు దొరుకుతుంది, దాని ఫలితం యుద్ధం మీద పడుతుంది. ఇంకో పాత్ర కలాడిన్ కుంగుబాటు మాత్రం, అంత నిజాయితీగా రాసినా, మూడు సంపుటాల్లో నేర్చుకున్నదాన్ని నాలుగోదాంట్లో మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నట్టుంటుంది. మనిషి కుంగుబాటు అలాగే ఉంటుందని సమర్థించేవాళ్లు ఉన్నారు. జీవితం విషయంలో వాళ్లు చెప్పేది నిజం. నవలలో మాత్రం ఆ పునరావృతికి ప్రతిసారీ కొత్త కోణం కావాలి.

స్టీవెన్ ఎరిక్సన్ ‘మలాజన్’ పది సంపుటాలు 1999 నుంచి 2011 లోపు పూర్తయ్యాయి. అక్కడ వదిలేసేవాళ్లు ఎక్కువగా మొదటి సంపుటంలోనే, ఏం జరుగుతోందో అర్థంకాక వదిలేస్తారు. అది వేరే రకం కష్టం.

పాఠకుడికి ఫిర్యాదు చేసే హక్కు ఎంతవరకు ఉంది? 2009లో మార్టిన్ ఆలస్యం మీద విసుక్కున్న ఒక పాఠకుడికి నీల్ గైమన్ ఘాటుగానే జవాబు రాశాడు. ఒక పుస్తకం కొన్నంత మాత్రాన రచయిత మన సేవకుడు కాడని దాని సారాంశం. రచయిత బతుకు, ఆరోగ్యం, విశ్రాంతి విషయంలో ఆ మాట అక్షరాలా ఒప్పుకోవాలి. జోర్డన్‌కు జబ్బని తెలియకముందు, పుస్తకం పూర్తిచేయకుండా చచ్చిపోతాడేమో అని పరాచికాలాడినవాళ్లు ఉన్నారు, అది క్షమించదగ్గది కాదు. కానీ అచ్చయి చేతికొచ్చిన పుస్తకం సంగతి వేరు. అందులో నాలుగొందల పేజీలు కథను కదపలేదని చెప్పడం దౌర్జన్యం కాదు, విమర్శ.

మార్టిన్ మీద తుది తీర్పు చెప్పడానికి మాత్రం ఇంకా వీల్లేదు. ‘డ్యాన్స్’ రెండు పెద్ద యుద్ధాల వైపు నడుస్తుంది, మంచులో వింటర్‌ఫెల్ దగ్గర ఒకటి, మీరీన్ గోడల బయట ఒకటి. రెండిటికీ సైన్యాలు మోహరించి ఉన్నాయి, మంచులో గుర్రాలు చస్తున్నాయి, నగరం మీద శవాలు విసురుతున్నారు. ఆ రెండు యుద్ధాలూ జరిగేది ఆరో సంపుటం ‘ద విండ్స్ ఆఫ్ వింటర్’లో. వాటిని ‘డ్యాన్స్’ చివరే ఉంచి ఉంటే ఈ చర్చలో సగం పుట్టేదే కాదు. అవి వచ్చాక, టిరియన్ పడవ ప్రయాణం నుంచి క్వెంటిన్ చావు దాకా ప్రతిదానికీ లెక్క కుదరవచ్చు, కుదరకపోనూవచ్చు. ఆ సంపుటం వచ్చేదాకా మన చేతిలో ఉన్నది సగం వాక్యం.